ఆకు రూపంలో ఉన్న కలప

టేకు చెట్టుకీ తులసి మొక్కకీ చుట్టరికం ఉందన్న సంగతి శాస్త్రవేత్తలకి తెలిసి చాలా కాలమైంది. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. పూర్వం పెద్దలు పువ్వు ఆకారం చూసి, కాయ కోసి చూసి, టేకుని, కంచెల వెంట రంగురంగుల పూలు పూసే తలంబ్రాల మొక్క ఉండే కుటుంబంలో చేర్చారు. చేర్చారే గాని, ఎక్కడో పొసగడం లేదని వాళ్ళకీ అనుమానంగానే ఉండేది. ఆ తర్వాత జన్యువుల్ని చదవడం వచ్చింది. ఆకు ముక్క నూరి అందులోని డీఎన్ఏ వరస చూస్తే, టేకు తలంబ్రాలకి కాదు, తులసికి దగ్గర చుట్టమని తేలింది. దాన్ని తీసుకొచ్చి తులసి, పుదీనా, మరువం, తుమ్మి ఉన్న వరసలో కూర్చోబెట్టారు. ఈ మార్పు టేకుకి తెలియదు. తులసికి అసలే తెలియదు. ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ ఎవరి మానాన వాళ్ళు బతికారు.

ఆ తర్వాత సంగతి ప్రభుత్వానికి తెలిసింది.

తెలియజేసినవారు వృక్ష పరిపాలనా సంస్కరణల సంచాలకులు డాక్టర్ విదేహరావు గారు. ఆయన చల్లటి కొండ ఊళ్ళో తొమ్మిది రోజుల శిక్షణకి వెళ్ళి, పదో రోజున జ్ఞానంతో తిరిగొచ్చారు. వచ్చి చూస్తే మన రాష్ట్రంలో మొక్కల పరిపాలన మహా అన్యాయంగా ఉంది. ఎత్తుగా ఉంటే అటవీ శాఖ. పొట్టిగా ఉంటే ఉద్యాన శాఖ. గేదె తింటే పశుసంవర్ధక శాఖ. ఇది మొక్కల్ని తెలుసుకునే పద్ధతి కాదనీ, కానిస్టేబుళ్ళని ఎంపిక చేసే పద్ధతనీ ఆయన ఒక సభలో కన్నీళ్ళు పెట్టుకున్నారు. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. అందులో మూడే మూడు పేరాలు.

"ఒకటి. ఇకపై రాష్ట్రమందలి ఏ మొక్కనైనను దాని ఎత్తు, రూపము, వాసన, వాడుక అను బాహ్య లక్షణములను బట్టి గాక, జన్యు సాక్ష్యముచే నిర్ధారితమైన కుటుంబమును బట్టి మాత్రమే గుర్తించవలెను. రెండు. కుటుంబమందలి ఒక సభ్యునికి వర్తించు నిబంధన తక్కిన సభ్యులందరికిని యథాతథముగా వర్తించును. మూడు. ఈ ఉత్తర్వు సమస్త శాఖలకు శిరోధార్యము."

నేను డిగ్రీలో బోటనీ చదివి, మా పైడిలంక సొసైటీలో గుమాస్తాగా ఉన్నవాణ్ణి. పేపర్లో ఈ ఉత్తర్వు చూసినప్పుడు, చదివిన చదువుకి ఇన్నాళ్ళకి గౌరవం దక్కిందని సంతోషించాను కూడా. ఆ సంతోషం మర్నాడు పొద్దున్న ఆరున్నర దాకా ఉంది.

ఆరున్నరకి నూకరత్నం తులసి బుట్టలు అటవీ శాఖ చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయాయి.

నూకరత్నం మా వీధే. నేను అక్కా అంటాను. ఆమెకి ఏటి ఒడ్డున ముప్పై సెంట్ల లంక భూమి ఉంది. అందులో తులసి తప్ప ఇంకేదీ వెయ్యదు, గట్టు మీద నాలుగు మళ్ళు పుదీనా తప్ప. పట్నంలో చెన్నకేశవస్వామి గుడికి రోజూ పన్నెండు తులసి మాలలు ఆమే కట్టి పంపాలి. ఇరవై రెండేళ్ళుగా తప్పలేదు. ఆమెకి ముందు ఆమె తల్లి కట్టింది. ఆ మాలలు ఉన్నాయి కాబట్టే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. గుడి వారి కాగితంలో ఒక షరతు మాత్రం ఉంది. వరసగా మూడు రోజులు మధ్యాహ్న నివేదన వేళకి మాల అందకపోతే, సరఫరా ఇంకొకరికి పోతుంది. ఆ ఇంకొకరు ఎవరో కూడా అందరికీ తెలుసు. పట్నంలో ప్లాస్టిక్ తులసి అమ్మే ఆసామి ఏడాదిగా గుడి చుట్టూ తిరుగుతున్నాడు. ఒకసారి కొంటే పదేళ్ళు వాడిపోదని అతని వాదన.

చెక్‌పోస్టు గార్డు పోలరాజు కూడా మా వాడే. ఆటోకి అడ్డంగా నిలబడి, బుట్టల వంక చూడలేక ఏటి వంక చూస్తున్నాడట.

"ఏటి పోలరాజూ, రోజూ చూసే బుట్టలే గదా," అందట నూకరత్నం.

"బుట్టలు అయ్యేనండి. లోపలున్నదే మారిపోయింది."

"ఏం మారింది? తులసే."

"నిన్నటిదాకా తులసేనండి. జీవో వచ్చిందండి. ఇప్పుడిది కలప. పర్మిట్ లేకుండా కలప గేటు దాటితే నా ఉద్యోగం పోద్దండి."

నూకరత్నం నవ్వింది. అతను నవ్వలేదు. అప్పుడు ఆమెకి భయం వేసి నాకు కబురు పంపింది.

నేను వెళ్ళేసరికి ఎండెక్కింది. మాలలు తల వాల్చాయి. ఇద్దరం రేంజి ఆఫీసుకి వెళ్ళాం. రేంజరు జోగారావు గారు మంచి మనిషి. మంచి మనిషి కాబట్టి కుర్చీలు వేయించి, టీలు తెప్పించి, మా చేతిలో పదకొండు పేజీల దరఖాస్తు పెట్టారు. టేకు కొట్టి తీసుకెళ్ళే రైతు ఇవ్వాల్సిన దరఖాస్తే అది. భూమి పట్టా, చెట్ల లెక్క, ఒక్కొక్క చెట్టు చుట్టుకొలత, ఆ తర్వాత దుంగ మీద సుత్తి ముద్ర. తులసి వాడిపోతుందండీ అని నేను మనవి చేశాను. ఆయన సానుభూతితో తల ఊపి, వాడిపోవుట అనే అంశం కలప నిబంధనల్లో ఎక్కడా ప్రస్తావనకి రాలేదని చెప్పారు.

అలా మొదటి రోజు మాల అందలేదు.

మధ్యాహ్నం రేంజరు గారు టేపు పట్టుకుని, ఇద్దరు సిబ్బందితో స్వయంగా చేలోకి దిగారు. అక్కడ ఇంకొక చిక్కు వచ్చింది. చుట్టుకొలత తీసే అధికారి నేల మీద నిటారుగా నిలబడి, తన రొమ్ము ఎత్తున కొలవాలని నిబంధన. తులసి మోకాలి దాకా ఉంది. వంగి కొలిస్తే అది వంగి కొలిచిన కొలత అవుతుంది గాని రొమ్ము ఎత్తు కొలత అవదు. ఆయన పై ఆఫీసుకి ఫోన్ చేశారు. గంటలో వాట్సాప్‌లో జవాబు వచ్చింది. మాకు చదివి వినిపించారు కూడా. "మొక్క ఎత్తు తక్కువైనచో కొలత విధానమును మార్చరాదు. కొలుచు అధికారి తన స్థానమును తగురీతిని సర్దుబాటు చేసుకొనవచ్చును."

కాబట్టి గొయ్యి తవ్వారు.

రేంజరు గారు గోతిలోకి దిగి నిటారుగా నిలబడ్డారు. తులసి సరిగ్గా ఆయన రొమ్ము దగ్గరికి వచ్చింది. టేపు చుట్టి, "రెండున్నర సెంటీమీటర్లు" అన్నారు. గట్టు మీద గుమాస్తా రాసుకున్నాడు. తర్వాతి మొక్కకి ఇంకో గొయ్యి. ఊరంతా వచ్చి గట్టు మీద కూర్చుంది. ఎవరో వేరుశనక్కాయలు కూడా తెచ్చారు. సాయంత్రానికి పదకొండు మొక్కలు కొలిచారు. మిగతా మొక్కలకి ఏడు నెలలు పడుతుందని ఒక అంచనా వేసి, ఆ పదకొండింటికీ పర్మిట్ ఇచ్చి, ఒంటి నిండా మట్టితో ఆయన జీపెక్కారు. వెళ్తూ వెళ్తూ నూకరత్నానికి నమస్కారం పెట్టారు. ఇందులో తన తప్పేమీ లేదని ఆయన మొహం మీద రాసి ఉంది.

రెండో రోజు ఆ పదకొండు మొక్కల ఆకుతో కష్టపడి రెండు మాలలు కట్టి నూకరత్నం చెక్‌పోస్టుకి వెళ్ళింది. పర్మిట్ చూపించింది. పోలరాజు పర్మిట్ కళ్ళకద్దుకుని, లోపలికి వెళ్ళి సుత్తి పట్టుకొచ్చాడు. శాఖ గుర్తు చెక్కిన రెండు కిలోల ఇనప సుత్తి అది. ప్రతి కలప ముక్క మీదా దాని ముద్ర పడాలి. తులసి మాలలో ముక్కలు ఎన్నంటే, ఎన్ని రెమ్మలుంటే అన్ని.

అతను దేవుణ్ణి తలుచుకుని, కళ్ళు మూసుకుని సుత్తి ఎత్తాడు. ఒక్కొక్క రెమ్మకీ ముద్ర వేశాడు. అయిపోయాక మాలల్ని ఎత్తడానికి వీల్లేకపోయింది. గరిటె కావలసి వచ్చింది. నూకరత్నం ఆ పచ్చటి ముద్దని అరిటాకులో పెట్టి పట్టుకెళ్ళి అర్చకులు గారి ముందు విప్పింది. ఆయన వాసన చూసి, చాలా సౌమ్యంగా, ఇది స్వామి మెడలో వెయ్యడానికి పనికిరాదమ్మా, పళ్ళెంలో పెట్టడానికి పనికొస్తుందేమో అన్నారట. గుడి గుమాస్తా పుస్తకంలో రెండో గీత గీశాడు. ప్లాస్టిక్ ఆసామి అక్కడే స్తంభానికి ఆనుకుని ఉన్నాడట. ప్లాస్టిక్‌కి జన్యువులు లేవు కాబట్టి ఏ పర్మిట్టూ అక్కర్లేదని అందరికీ వినపడేలా చెప్పాడట.

పట్నంలో పరిస్థితి అంతకంటే ముందుకెళ్ళింది. పుదీనా కూడా అదే కుటుంబం కదా. బస్టాండు ఎదురుగా ఉన్న టిఫిను హోటల్లో పుదీనా పచ్చడి రుబ్బుతున్న మిక్సీని, లైసెన్సు లేని రంపపు మిల్లుగా గుర్తించి సీలు వేశారు. బిర్యానీ హోటళ్ళకి కలప నిల్వల రిజిస్టరు పెట్టమని నోటీసులు వెళ్ళాయి. మరువం తలలో పెట్టుకుని పెళ్ళికి వెళ్తున్న ఒకావిడని బస్సు దింపి, ఆ సరుకు ఎక్కడి అడవిదని అడిగారట. ఆవిడ కోపం పట్టలేక మా పెరట్లోదే అనేసింది. పెరట్లో అడవి పెంచడానికి అనుమతి ఉందా అని రెండో ప్రశ్న.

ఆ సాయంత్రం నూకరత్నం మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది. రేపు కూడా మాల వెళ్ళకపోతే తల్లి నాటి నుంచీ చేతిలో ఉన్న పని పోయినట్టే. ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఏడవలేదు. జీవో కాగితం మళ్ళీ చదవమంది. చదివాను.

"ఆ రెండో ముక్క ఇంకోసారి చదువు తమ్ముడూ."

చదివాను.

"నా తులసి టేకు అయిపోయిందంటే, ఆళ్ళ టేకు పుదీనా అయిపోవాలి గదా?"

"అవుతుందక్కా. అందరికీ వర్తిస్తుందనే ఉంది."

"అయితే పుదీనాకి రైతుబజారులో రూలు ఒకటుందిరా."

నాకు వెంటనే వెలగలేదు. ఆమెకి మాత్రం అనుభవం. మళ్ళలో పుదీనా కోసుకుని శనివారాలు రైతుబజారుకి వెళ్ళేది. అక్కడ పుదీనా ఆకుకూరల పద్దులో ఉంది. ఆకుకూర ఏ రోజుది ఆ రోజే అమ్మాలి. సాయంత్రానికి మిగిలితే అధికారులే ఎత్తుకెళ్ళి గోశాలలో పారేస్తారు. పోయిన వేసవిలో ఆమె కట్టలు నలభై అలాగే ఆవుల పాలయ్యాయి. అప్పటి బాధ ఆమె మర్చిపోలేదు.

మా చెక్‌పోస్టు వెనకే ప్రభుత్వ కలప డిపో ఉంది. అందులో వేలం కోసం మూడు వేల టేకు దుంగలు ఎదురుచూస్తున్నాయి. ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నాయో పోలరాజుని అడిగితే, రెండేళ్ళు దాటిందన్నాడు. నేను కాగితం తీసి అర్జీ రాశాను. మార్కెటింగు శాఖ తనిఖీ అధికారి గారికి రాయునది ఏమనగా, పైడిలంక డిపోలో రెండేళ్ళ నాటి ఆకుకూర పెద్ద మొత్తంలో నిల్వ ఉన్నదనియు, ప్రజారోగ్య దృష్ట్యా తగు చర్య తీసుకొనవలెననియు. కింద నూకరత్నం వేలిముద్ర వెయ్యలేదు. సంతకమే చేసింది. అక్షరాలు ఒత్తుగా, కాగితం చిరిగిపోయేలా పెట్టింది.

తనిఖీ అధికారి గంటి వసుంధర గారికి జిల్లాలో ఒక పేరుంది. ఎండిన గోంగూర కట్ట కనపడితే సొంత అన్నగారి దుకాణమైనా వదలరని. అర్జీ ఆ రాత్రే ఆవిడ ఇంట్లో ఇచ్చి వచ్చాను. మూడో రోజు పొద్దున్న తొమ్మిదింటికి ఆవిడ జీపూ, వెనక రెండు ట్రాక్టర్లూ డిపో గేటు ముందు ఆగాయి. నూకరత్నం అప్పటికే పన్నెండు మాలలు కట్టుకుని, చెక్‌పోస్టు నీడన బుట్టల పక్కన కూర్చుని ఉంది. నేను ఆమె పక్కన ఉన్నాను. నివేదన పన్నెండింటికి.

రేంజరు జోగారావు గారు పరుగున వచ్చారు. వసుంధర గారు ముక్కుకి చీర చెంగు అడ్డం పెట్టుకుని దుంగల మధ్య తిరిగారు.

"ఈ ఆకుకూర ఎప్పుడొచ్చింది?"

"మేడమ్, ఇది టేకండి."

"కుటుంబం అడగలేదు. తేదీ అడిగాను."

"రెండేళ్ళ మూడు నెలలైందండి."

"వాడిపోలేదా?"

"టేకు వాడిపోదండి."

"దొరికిన ప్రతివాడూ ఆ మాటే చెబుతాడు," అని ఆవిడ రాసుకున్నారు. "సాయంత్రం ఐదింటిలోగా మొత్తం సరుకు గోశాలకి చేరాలి. ఎత్తండి."

మొదటి దుంగని ట్రాక్టరు మీదికి ఎక్కించడానికి పద్నాలుగు మంది కావలసి వచ్చారు. గోశాల మేనేజరుకి ముందే కబురు అందినట్టుంది. సైకిలు మీద ఎదురొచ్చి, మా ఆవులు పెద్దవైపోయాయండీ, పళ్ళు కదులుతున్నాయి, లేత కట్టలేవైనా ఉంటే చూడండి అని బతిమాలుకున్నాడు. ఆవిడ ఆ అభ్యర్థనని కూడా నమోదు చేసుకున్నారు. రేంజరు గారు ఉత్తర్వు తప్పని అనలేరు. అంటే గోతులు తవ్వి కొలిచినదంతా తప్పవుతుంది. ఆవిడ ఉత్తర్వుని పక్కన పెట్టలేరు. మూడో పేరా అడ్డం. ఇద్దరూ ఒకరికొకరు అవే మూడు పేరాలు చదివి వినిపించుకున్నారు. రెండో దుంగ లేచింది.

పదిన్నరకి డాక్టర్ విదేహరావు గారే వచ్చారు. జిల్లా కేంద్రంలో ఈ ఉత్తర్వు మీదే ఉపన్యాసం ఇస్తూ మధ్యలో లేచి వచ్చారట. మెడలో ఇంకా సన్మానం దండ ఉంది. ఆయన ట్రాక్టరు మీద దుంగల్నీ, వసుంధర గారినీ, గోశాల మేనేజరునీ చూశారు. తర్వాత ఉత్తర్వు వెనక్కి తీసుకోవచ్చు కదా అని ఎవరో గొణిగారు.

"వెనక్కి తీసుకుంటే జన్యువు తప్పు చెప్పిందని అర్థమొస్తుంది," అన్నారాయన. "సాక్ష్యం తిరుగులేనిది. పరిపాలనే సాక్ష్యం స్థాయికి ఎదగాలి."

మాట మాత్రం నిజం. సాక్ష్యంలో ఏ లోపమూ లేదు. తులసికి టేకు చుట్టమే. చుట్టం అయినంత మాత్రాన ఇద్దరికీ ఒకే కొలత చొక్కా కుట్టించక్కర్లేదని ఆ శిక్షణలో ఎవరూ చెప్పి ఉండరు. బహుశా పదో రోజున చెప్పేవారేమో.

ఆయన చెట్టు కింద కుర్చీ వేయించుకుని ఫైలు మొత్తం చూశారు. చూసి, ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్నదంతా పెట్టి, ఇది విధానపరమైన సమస్య కాదని తేల్చారు. ఇది ఒక ఫిర్యాదు. సమస్యకి పరిష్కారం ఉండక్కర్లేదు. ఫిర్యాదుకి ఉండాలి. ఫిర్యాదుదారు తృప్తిపడితే అర్జీ మూతపడుతుంది. అర్జీ మూతపడితే వసుంధర గారి తనిఖీ ఆగుతుంది. ఫిర్యాదుదారు ఎవరు? నీడన బుట్టల పక్కన కూర్చున్న నూకరత్నం.

ఆమెని పిలిచారు. ఆమె లేచి రాలేదు. బుట్టలు వదిలి రాలేనండి, మేక తినేత్తాది అని అక్కడి నుంచే జవాబు చెప్పింది. సంచాలకులు గారే కుర్చీ మోయించుకుని ఆమె దగ్గరికి వచ్చారు.

"నీకేం కావాలమ్మా?"

"బుట్టలు గేటు దాటాలండి. పన్నెండు లోపల. ఈ రోజే కాదు, రోజూనండి."

"దాటిస్తాం. కానీ ఇది తులసి అని మాత్రం రాయలేం. ఆకు రూపంలో ఉన్న కలప అని రాస్తాం. ఒప్పుకుంటావా?"

"మీరేదైనా రాసుకోండి బాబూ. సుత్తి మాత్రం వద్దు."

పదకొండు ఇరవైకి కాగితం చేతికొచ్చింది. శాశ్వత రవాణా అనుమతి పత్రం. పైడిలంక వాస్తవ్యురాలు శ్రీమతి నూకరత్నం పేరున, ఆకు రూపంలో ఉన్న కలప, పరిమితి లేకుండా, కొలతలు లేకుండా, సుత్తి ముద్ర లేకుండా, సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఏ గేటైనా దాటవచ్చును. ఆమె అర్జీ వెనక్కి తీసుకుంది. దుంగలు ట్రాక్టరు దిగాయి. గోశాల మేనేజరు దిగిన ప్రతి దుంగకీ దణ్ణం పెట్టాడు. పోలరాజు గేటు ఎత్తడమే కాదు, ఆటో కదిలే దాకా చేత్తో పైకే పట్టుకుని నిలబడ్డాడు. పన్నెండుకి ఎనిమిది నిమిషాల ముందు చెన్నకేశవస్వామి మెడలో పన్నెండు మాలలు పడ్డాయి. ప్లాస్టిక్ ఆసామి ఆ రోజు నించి స్తంభం మార్చాడు.

ఇక్కడితో అయిపోతుందనుకున్నాం. కానీ ఆ కాగితంలో "పరిమితి లేకుండా" అన్న మాట ఒకటి ఉంది. మొదట మా పక్క వీధి సత్తెమ్మ మరువం కట్ట పట్టుకొచ్చి, నీ పేరున పంపించవే అంది. నూకరత్నం పంపించింది. తర్వాత టిఫిను హోటలువాడు వచ్చాడు. తర్వాత బిర్యానీ హోటళ్ళు. నెల తిరిగేసరికి జిల్లాలో ఏ గేటు దగ్గర ఆపినా, ఏ బుట్టలో ఏ పుదీనా ఉన్నా, అది నూకరత్నం గారిదే. ఆమెని ఎన్నడూ చూడని ఊళ్ళలో కూడా, ఈ సరుకు ఎవరిదంటే, నూకరత్నం గారిదండీ అనేవారు. గార్డులు సెల్యూట్ చేసి పంపేవారు. పెళ్ళిళ్ళకి వెళ్ళే ఆడవాళ్ళు కూడా తలలో ఉన్నది ఆమెదేనని చెప్పుకుని నిశ్చింతగా బస్సెక్కారు. ఆమె ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. ఒక్క షరతు పెట్టింది. గుడి ఆటో ముందు వెళ్ళాలి. మిగతావన్నీ దాని వెనక.

ఏడాది చివర శాఖ వార్షిక నివేదిక వచ్చింది. జిల్లాలో కలప రవాణా మూడు వందల రెట్లు పెరిగింది. అదే కాలంలో ఒక్క చెట్టు కూడా నరకబడలేదు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ నిజమే. వాటి కింద విదేహరావు గారి ఫొటో ఉంది.

ఆ నివేదిక చదివి, పొరుగు రాష్ట్రం నుంచి నలుగురు పెద్ద అధికారులు అధ్యయనానికి వచ్చారు. అడవి తరగకుండా ఇంత కలప ఎలా తీస్తున్నారో తెలుసుకోవాలని. జిల్లాలోకెల్లా పెద్ద కలప వర్తకురాలి దగ్గరికే తీసుకెళ్ళమన్నారు. రేంజరు గారు తీసుకొచ్చారు. నూకరత్నం చేలో కూర్చుని ఆకు కోస్తోంది. బూట్లు విప్పి గట్టు మీద పెట్టి రమ్మంది. వచ్చారు. మీ విధానం ఏమిటమ్మా అని వినయంగా అడిగారు. నేను అనువదించాను.

"కత్తి పెట్టకూడదండి. కత్తి పెడితే మొదలు ఎండిపోద్ది. ఇదిగో, రెండు ఆకుల పైన, గోటితో ఇలా గిల్లాలి. వారం తిరిగేసరికి రెండు కొమ్మలేత్తాది."

నలుగురూ పుస్తకాలు తీసి రాసుకున్నారు. ఒకాయన గిల్లి చూశాడు కూడా. వచ్చిందని మిగతా ముగ్గురికీ చూపించాడు.

వాళ్ళు వెళ్ళిన రెండు నెలలకి ఆ రాష్ట్రంలో ఉత్తర్వు వచ్చిందని పేపర్లో చదివాను. ఇకపై ఏ అడవిలోనైనా కలపను రంపముతో గాక గోటితో మాత్రమే సేకరించవలెనట. ఆ రాష్ట్రంలో టేకు అడవులు నిక్షేపంగా ఉన్నాయని, అటు వెళ్ళొచ్చిన లారీ డ్రైవర్లు చెబుతున్నారు.